డెంగీ దోమకు పుట్టిల్లు ఎక్కడ? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో దోమల నియంత్రణ పనిలో నాకు 22 ఏళ్ళు నిండాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగి మొదటి గట్టి వాన కురిసిన పది రోజులకల్లా నా ఫోను మోగడం మొదలవుతుంది. పిలిచేది పెరంబూరు నుంచైనా, కొళత్తూరు నుంచైనా మాట మాత్రం ఒక్కటే: "సార్, మా వీధి చివర కాలువ కంపు కొడుతోంది, దోమలు పీక్కు తింటున్నాయి, పక్కింటి పిల్లవాడికి డెంగీ అట, ఎవరికైనా చెప్పి పొగ మందు కొట్టించండి." ఆ మాట వెనుక ఉన్న భయం నిజమైనది, దాన్ని నేను ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. కానీ ఆ మాటలోనే ఉన్న రెండు అపోహల వల్ల, అంటే డెంగీ దోమ కాలువలో పుడుతుందనీ పొగ కొడితే పోతుందనీ అనుకోవడం వల్ల, జనం పోగొట్టుకుంటున్న కాలం, డబ్బు, ఆరోగ్యం మిగిలిన అపోహలన్నిటి వల్ల పోయేదానికంటే ఎక్కువ. అందుకని వాటి గురించీ, వాటితో ముడిపడ్డ మరికొన్నిటి గురించీ రాస్తున్నాను.

అపోహ: డెంగీ దోమ మురుగు కాలువలో పుడుతుంది.

మురుగు కాలువలో పుట్టేది క్యూలెక్స్ అనే వేరే రకం దోమ. రాత్రి చెవి దగ్గర రొద పెట్టి నిద్ర చెడగొట్టేదీ, బోదకాలు వ్యాధిని మోసేదీ అదే. కూవం నది ఒడ్డున, బకింగ్‌హాం కాలువ ఒడ్డున, ఓటేరి నాలా పక్కన కాపురాలు ఉంటున్న వారి బాధను నేను కాదనను. అయితే డెంగీని, చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ సాధారణంగా ఆ నీటి జోలికి పోదు. మనం తాగడానికి వెనుకాడనంత తేటనీరు, ఒక చిన్న పాత్ర, కాస్త నీడ దొరికితే చాలు, అది అక్కడ గుడ్లు పెడుతుంది. దాని కాళ్ళకు తెల్లని పట్టీలు ఉంటాయి. పగటి పూట, ముఖ్యంగా పొద్దెక్కే వేళ, మళ్ళీ పొద్దు వాలే ముందు కుడుతుంది. మిగిలిన సమయంలో మంచం కింద, కర్టెన్ల వెనుక, కొక్కేనికి వేలాడే బట్టల మడతల్లో దాగి ఉంటుంది. పుట్టిన చోటి నుంచి మామూలుగా ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. కాబట్టి మీ ఇంట్లో కాళ్ళకు పట్టీలున్న దోమ కనబడితే, అది పుట్టిన నీళ్ళు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎదురింటి మేడ మీదనో ఉన్నాయని అర్థం చేసుకోవాలి. పట్టణాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై కూడా తేటనీటి దోమే. చెన్నైలో అది పుట్టేది మూతలేని బావుల్లో, మేడ మీది ట్యాంకుల్లో.

ఏ దోమ ఏ జబ్బును మోస్తుందో తెలియకపోతే ఎంత కాలం వృథా అవుతుందో మన సికింద్రాబాదులోనే ఒకసారి రుజువైంది. మలేరియా పరాన్నజీవి కోసం బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దాదాపు రెండేళ్ళ పాటు వేరే జాతుల దోమలనే కోసి చూస్తూ ఉండిపోయాడు. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికి వచ్చిన తర్వాతనే, 1897 ఆగస్టు 20న, దాని కడుపు గోడలో ఆ జీవి అతనికి కనిపించింది. కాలువ వైపే చూస్తూ కూర్చున్న వీధిలో ఈనాటికీ అదే జరుగుతోంది.

కొన్నేళ్ళ క్రితం అయనావరంలో ఓటేరి నాలాకు దగ్గరగా ఉన్న ఒక ఇంటికి వెళ్ళాను. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. ఏడేళ్ళ మనవడు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను గుమ్మంలోనే నిలదీశారు. "ఏంది నాయనా, అంత నాలాను పక్కన పెట్టుకోని నా ఇల్లు చూస్తానంటావా? నా ఇంట్లో నీళ్ళు అద్దంలా ఉంటాయి, వచ్చి చూసుకో" అన్నారు. ఆమె చెప్పినట్టే వంటింటి బిందెలు తోమి, మూతలు పెట్టి ఉన్నాయి. పెరట్లో మాత్రం, గ్రైండరు కొన్న తర్వాత గోడ పక్కకు నెట్టేసిన రుబ్బురోలు ఉంది. దాని గుంటలో లీటరుకు మించని వాన నీరు నిలిచి ఉంది. గరిటెతో తీసి తెల్లని గిన్నెలో పోసి టార్చి వేస్తే, తలకిందులుగా వేలాడుతున్న లార్వాలు, అంటే దోమ పిల్లలు, ముప్పైకి పైగా కనిపించాయి, వాటి మధ్య రెక్కలు రావడానికి ముందు దశలో, కామాలా వంగిన ప్యూపాలు కూడా ఉన్నాయి. "ఇవి నీటి పురుగులు గదా" అని ఆవిడ నమ్మలేదు. గిన్నె మీద దోమతెర గుడ్డ కప్పి, రబ్బరు బ్యాండు బిగించి, రెండు రోజులు కదపకుండా ఉంచమని చెప్పి వచ్చాను. మూడో రోజు ఆవిడే ఫోను చేశారు. గుడ్డ కింద తెల్ల పట్టీల దోమలు తిరుగుతున్నాయట. చాలాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత "నేనే పెంచినానా నాయనా" అని ఏడ్చారు.

మనవడిని కుట్టిన దోమ ఆ రోటిలోనే పుట్టిందని ఎవరూ చెప్పలేరనీ, అదే రోజు ఆ వీధిలోని మరి నాలుగు ఇళ్ళలో నాకు లార్వాలు దొరికాయనీ ఆవిడకు చెప్పాను. తేటనీరు మంచిది, మురుగు చెడ్డది అని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. అది మన ఆరోగ్యానికి సరిపోయే లెక్కే గాని ఈ దోమ విషయంలో పనికిరాదు. ఆ సంగతి చెప్పకుండా జనాన్ని నిందించడం న్యాయం కాదు. అయితే తెలిసిన తర్వాత వెతకవలసింది మనమే. ఫ్రిజ్ వెనుక నీరు దిగే పళ్ళెం, పూలకుండీల కింది సాసర్లు, మనీప్లాంట్ సీసా, చీమలు పట్టకుండా గిన్నె కింద పెట్టే నీళ్ళ పళ్ళెం, ఎవరూ వాడని బాత్రూములోని ఫ్లష్ ట్యాంకు, ఎండాకాలం పోయాక మూలన పడేసిన కూలరు, సన్‌షేడు మీద ఆకులు అడ్డుపడి నిలిచిన నీరు, పాత టైర్లు, తాగి పడేసిన కొబ్బరి బొండాలు, కట్టుబడి సాగుతున్న భవనంలో లిఫ్టు గుంట: నా అనుభవంలో పదింట తొమ్మిది సార్లు దోమ దొరికేది ఈ చోట్లలోనే.

అపోహ: నీళ్ళు పారబోస్తే పని పూర్తయినట్టే.

ఇది చదువుకున్న వారిలోనూ బలంగా ఉంది. ఏడిస్ తన గుడ్లను నీటి మీద వదలదు. నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర లోపలి గోడకు నల్లని నలుసుల్లా అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా, పాత్ర ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ నీరు తగలగానే పగులుతాయి. అప్పటి నుంచి ఏడు నుంచి పది రోజుల్లో రెక్కలొచ్చిన దోమ బయటికి వస్తుంది. కనుక వారానికి ఒకసారి పాత్రను పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలను కొబ్బరి పీచుతో గానీ గట్టి బ్రష్షుతో గానీ సబ్బు వేసి రుద్ది కడిగి, ఆ తర్వాతే నింపుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో శుక్రవారం డ్రై డే అని చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే. పారబోసే నీటిని కాలువలో పోయకుండా ఎండిన మట్టి మీద పోస్తే అందులోని లార్వాలు అక్కడే చచ్చిపోతాయి.

ఈ పొరపాటు నేనే చేశాను. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపుగా అడుగంటినప్పుడు, లారీ నీళ్ళ కోసం ఊరంతా డ్రమ్ములు కొన్నది. మేమూ రెండు కొన్నాం. వర్షాలు వచ్చాక వాటిని ఖాళీ చేసి బాల్కనీలో పెట్టాను గాని, రుద్దలేదు. నవంబరులో జల్లు కొట్టి వాటి అడుగున బెత్తెడు నీరు నిలిచింది. రెండో వారంలో అందులో లార్వాలను చూసి నన్ను పిలిచింది మా అమ్మాయి. వందల ఇళ్ళలో ఈ మాట చెప్పిన వాణ్ణి నేను. ఆ రోజు నుంచి మా ఇంట్లో పీచు పట్టుకునే పని నాదే.

ఖాళీ చేయడానికి వీలుకాని సంపుకు, ట్యాంకుకు సందు లేని మూత ఉండాలి, ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి సన్నని జాలీ కట్టాలి. వాడకంలో ఉన్న బావిలో గప్పీ చేపలు గానీ గంబూసియా చేపలు గానీ వదలవచ్చు. కార్పొరేషన్ తరఫున ఇళ్ళలో దోమలు పుట్టే చోట్లను తనిఖీ చేయడానికి వచ్చే డీబీసీ కార్మికులు, వారిలో చాలామంది మహిళలే, ఎండలో మెట్లెక్కి వస్తే, నీళ్ళలో విషం కలుపుతారేమోనని తలుపు వేసేవారిని చూస్తే నాకు బాధా కోపమూ రెండూ కలుగుతాయి. వారు వేసే టెమీఫాస్, జనం నోట అబేట్, లీటరుకు 1 మిల్లీగ్రాము మోతాదులో తాగునీటికి కూడా అనుమతి ఉన్న మందు. దయచేసి వారిని మేడ మీదకు వెళ్ళనివ్వండి.

అపోహ: పొగ మందు కొడితే దోమలు పోతాయి.

పొగలోని మందు తుంపరలు తగిలిన దోమ మాత్రమే, అదీ ఆ క్షణంలో ఎగురుతున్నదే చస్తుంది. నీటిలోని లార్వాకు, ప్యూపాకు, గోడకు అంటిన గుడ్డుకు ఏమీ కాదు. పైగా పొగ బండి వీధిలోకి రాగానే మనం కిటికీలు మూస్తాం. ఏడిస్ ఉండేది ఆ కిటికీ లోపల, మంచం కింద. కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు జబ్బు అంటుకున్న దోమలను వెంటనే తగ్గించడానికి పొగకు చోటుంది. కానీ పొగ కొట్టారన్న ధీమాతో ఆ వారం ఎవరూ కుండీల కింద చూడరు. ఆ నష్టం పొగ వల్ల వచ్చిన లాభాన్ని మించిపోతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఫోనులో వచ్చే శబ్దాల యాప్‌లు, ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరాలు దోమను ఆపవు. పది క్షేత్ర పరీక్షలను కలిపి చూసినా కాట్లు తగ్గిన దాఖలా లేదు. వెల్లుల్లి తింటే, బి విటమిన్ మింగితే దోమ కుట్టదన్న మాటకు ఆధారం లేదు. కొందరిది తీపి రక్తం అనడం కూడా అంతే; మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, చెమట వాసన, ఒంటి వేడి దోమను లాగుతాయి, గర్భిణులను అది ఎక్కువగా కుడుతుంది. నిమ్మగడ్డి కుండీ గుమ్మంలో పెట్టుకుంటే అందం, అంతవరకే. దీపావళి టపాసుల పొగకు దోమలు చస్తాయన్నది పుకారు. మూసిన గదిలో కాయిల్ వెలిగించి పసిపిల్లలను పడుకోబెట్టడం మాత్రం మానేయాలి. ఆ పొగలోని సన్నని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కిటికీలకు జాలీ కొట్టించడం మీద పెట్టే డబ్బు వృథా కాదు.

ఒంటికి రాసుకునే మందుల గురించి భయపడి ఫోను చేసే తల్లులు ఎక్కువ. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందును సీసా మీద చెప్పినట్టు, బట్టలు కప్పని చోట మాత్రమే రాయండి; డీట్ శాతం పెరిగితే పని చేసే సమయం పెరుగుతుందే గాని బలం పెరగదు. రెండు నెలల లోపు పసికందుకు ఏదీ రాయకూడదు, ఉయ్యాలకు పగలు కూడా దోమతెర కట్టాలి. చిన్నపిల్లల అరచేతులకు రాయవద్దు, నోట్లో పెట్టుకుంటారు. స్కూలుకు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసి పంపండి, ఎందుకంటే వారు బడిలో ఉండే వేళల్లో కూడా ఏడిస్ కుడుతుంది.

దోమతెర రాత్రికే అన్న అపోహ ఒకటి మిగిలింది. డెంగీ జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజులు రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో కుట్టిన దోమ ఎనిమిది నుంచి పన్నెండు రోజుల తర్వాత ఇతరులకు దాన్ని అంటించగలదు. అందువల్ల జ్వరంతో ఉన్న మనిషిని పట్టపగలు తెరలో ఉంచడం ఇంట్లో వారందరికీ రక్షణ. డాక్టరు చూసేదాకా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేయవద్దు. జ్వరం దిగిన రోజే ప్రమాదం తప్పిందని అనుకోవద్దు, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అయనావరంలో ఆ పెద్దావిడ మనవడు ఆసుపత్రిలో ఉండగానే ఇంట్లో కోడలికీ జ్వరం వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం పన్నెండు గంటలకు హాల్లో మంచానికి తెర కట్టి కోడలిని అందులో పడుకోబెట్టారు. చూడవచ్చిన బంధువులు పగటి పూట ఈ తెర ఏమిటని వింతగా అడిగితే, "ఇప్పుడు దీన్ని కుట్టిన దోమ ఇంకో పది దినాలకి మీ బిడ్డల కాడికే వస్తాది" అని చెప్పి, లేచి వెళ్ళి రోలు బోర్లించి ఉందో లేదో చూసి వచ్చారట.