కాపు కాసే కంచె: అపోహలు - వాస్తవాలు

పండ్ల చెట్టును గుబురుగా వదిలేయకుండా, కూసాల (భూమిలో పాతిన స్తంభాల) మధ్య లాగిన తీగల వెంట కొమ్మలను అటూ ఇటూ పరిచి పెంచితే చెట్టే కంచె అవుతుంది. ఐరోపాలో ఆపిల్, బేరి చెట్లను ఇలాగే పెంచుతారు, ఎస్పాలియర్ అంటారు. అనంతపురం, కర్నూలు, కడప పెరళ్లలోనూ ఇది సాధ్యమే. కాకపోతే అక్కడి నుంచి ఆకారం ఒక్కటే తెచ్చుకోవాలి. కత్తెర ఎప్పుడు పట్టాలో మన చెట్టును, మన ఎండను చూసి తేల్చుకోవాలి.

అపోహ: గోడకు ఆనించి పెంచితేనే బాగా కాస్తుంది.

వాస్తవం: చలి దేశాల్లో పండు మాగడానికి గోడ వేడి పనికొస్తుంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గోడా, దాని ముందు పరిచిన కడప బండలూ పొద్దుగూకాక కూడా సెగ చిమ్ముతూనే ఉంటాయి. ఆకు అంచులు మాడతాయి, పిందె రాలుతుంది. గాలి ఆడే చోట, వీలైతే ఉత్తర దక్షిణాలుగా వరస వేయండి. పొద్దున ఒక వైపు, సాయంత్రం రెండో వైపు ఎండ అందుతుంది. నడినెత్తి ఎండ మాత్రం పలచని అంచు మీదే పడుతుంది.

అపోహ: వెదురు బొంగులు, బైండింగ్ వైరు చాలు.

వాస్తవం: కాపు బరువుకు, ఆషాఢం గాలికి అవి ఆగవు. 60 అడుగుల కంచెకు 8 అడుగుల రాతి కూసాలు 7 కావాలి. పది అడుగులకొకటి, 2 అడుగులు భూమిలోకి దించాలి. చివరి రెండింటికీ లోపలి వైపు నుంచి దన్ను పెట్టాలి. 12 గేజి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ 2, 3.5, 5 అడుగుల ఎత్తుల్లో మూడు వరసలకు 3 కిలోలు సరిపోతుంది. రెండు కూసాల నడుమ ఒక మొక్క, మొత్తం 6. నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి కూసాన్ని ఒరగదీస్తుంది. అక్కడ గుంతలో కంకర, సిమెంటు తప్పవు.

అపోహ: కొమ్మను మొదటి రోజే అడ్డంగా వంచి కట్టాలి.

వాస్తవం: ఎక్కువ కంచెలు చెడేది ఇక్కడే. పడుకోబెట్టిన కొమ్మకు కొస ఎదుగుదల మందగిస్తుంది, వీపు మీది కళ్లన్నీ (పై వైపున చిగురు వేసే మొగ్గలు) నిటారుగా లేస్తాయి. కొమ్మ పక్క కూసం దాకా చేరనే చేరదు. తొలకరికి మొక్క నాటి, నాటుకున్నాక మొదటి తీగకు రెండంగుళాల కింద తల తుంచండి. వచ్చిన చిగుళ్లలో మూడు ఉంచండి: ఒకటి పైకి, రెండు పక్కలకు. పక్క కొమ్మలను ఏటవాలుగా, 45 డిగ్రీల వాలులో, వెదురు బద్దలకు కట్టండి. నాలుగు అడుగులు సాగాక వారం పది రోజులకోసారి కాస్త కాస్తగా దించి తీగకు చేర్చండి. పైకి వదిలిన కొమ్మకు రెండో తీగ దగ్గర, ఆ తర్వాత మూడో తీగ దగ్గర ఇదే పని.

జామ కొమ్మ పెన్సిల్ లావున పచ్చిగా ఉన్నప్పుడే వంగుతుంది. బొటనవేలంత అయితే చంక దగ్గర చీలిపోతుంది. పాత నూలు గుడ్డ పేలికతో 8 అంకెలా కట్టి, రెండు నెలలకోసారి వదులు చేయండి. నైలాన్ దారం బెరడులోకి కోసుకుపోతుంది.

అపోహ: ఏ చెట్టయినా పనికొస్తుంది.

వాస్తవం: మామిడికి పూత కొమ్మ కొసనే వస్తుంది. కొస కత్తిరిస్తే కాపే పోయినట్టు. మొదటిసారి చేసేవారికి జామ మేలు, తర్వాత అంజూర. దానిమ్మ మూడు నాలుగు మొదళ్లతో విసనకర్రలా బాగానే పరుచుకుంటుంది. కానీ చుట్టుపక్కల దానిమ్మ తోటలుంటే దాని జోలికి పోవద్దు. బాక్టీరియా మచ్చ తెగులు వాన చినుకుతో, కత్తెరతో పాకుతుంది. ఆకులు కలిసిపోయిన కంచెలో దాన్ని ఆపలేం.

అపోహ: ముదురు కొమ్మను కాపాడుకుంటే చాలు, ఏటా కాస్తుంది.

వాస్తవం: అది ఆపిల్, బేరి మాట. వాటికి ముదురు కొమ్మల మీది పొట్టి రెమ్మలే ఏళ్ల తరబడి కాస్తాయి. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. జూన్‌లో తొలి వానలు పడ్డాక, వీపు మీద లేచిన రెమ్మలను రెండు మూడు కణుపులకు కత్తిరించండి. ఆ చిగుళ్ల పూత చలికాలానికి పండవుతుంది. వానాకాలపు కాయలకున్నంత పండు ఈగ బెడద దానికి ఉండదు. ఏప్రిల్, మేలలో మాత్రం కత్తెర ముట్టొద్దు. ఆకు నీడ పోతే అడ్డ కొమ్మల బెరడు ఎండకు పగులుతుంది. ఇప్పటికే నీడ పలచబడిన కొమ్మలకు పై వైపు సున్నం పూయండి.

నీటి గురించి పెద్ద వాదన అక్కర్లేదు. మొదలుకు అటూ ఇటూ అడుగు దూరంలో గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు రెండు పెట్టండి. మూడో ఏటి జామకు వేసవిలో రెండున్నర గంటలు నడిపితే 20 లీటర్లు అందుతాయి.

అపోహ: ఈ కంచె ఉంటే మేకలు రావు.

వాస్తవం: లేత జామాకు మేకకు ఇష్టం. బయటి వైపు 4 అడుగుల ఎడంగా, రెండు మూడు అడుగులకొక వాక్కాయ మొక్క నాటండి. అది అల్లుకునే రెండు మూడేళ్లు తుమ్మకంప వేయక తప్పదు. వాక్కాయను 3 అడుగుల ఎత్తు మించనీయకండి. మించితే మొదటి తీగ మీది కొమ్మలకు వెలుతురు తగ్గి, అక్కడ కాపు పడిపోతుంది.