వైన్ సీసా ధర ఏం చెబుతుంది, ఏం చెప్పదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డు కట్టిన దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు దొరికినంత తేలికగా వైన్ దొరకదు. అందుకే అమెరికాలో నేను పనిచేసే దుకాణానికి వచ్చి, నిలువెత్తు అరల ముందు తడబడే తెలుగువారిని చూస్తే నాకు వింతగా అనిపించదు. సీసాల మీది పేర్లు పలకడానికి నోరు తిరగదు కాబట్టి, అందరికీ అర్థమయ్యే ఒకే ఒక్క సంగతిని, అంటే ధరను, పట్టుకుని ఎంచుకుంటారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ధర పెరిగేకొద్దీ రుచి పెరుగుతుంది.

కొంతవరకు ఇది నిజమే. పది డాలర్ల సీసాకూ పద్దెనిమిది డాలర్ల సీసాకూ ఉన్న తేడా చాలాసార్లు ద్రాక్షలోనూ, పనితనంలోనూ కనిపిస్తుంది. ఆ పైన మాత్రం మీరు కట్టే సొమ్ములో పెద్ద వాటా ఊరి పేరుకూ, ఆ ఊళ్లో నేల ధరకూ పోతుంది. ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కన సాన్సేర్ అనే ఊరి తెల్ల వైన్‌ను సోవిన్యోన్ బ్లాంక్ ద్రాక్షతో చేస్తారు. అదే నది వెంట పడమటికి వెళితే తగిలే తురేన్‌లోనూ అదే ద్రాక్ష పండుతుంది, ధర మాత్రం బాగా తక్కువ. సాన్సేర్‌లోని బిగువు తురేన్‌లో అంతగా ఉండదని ఒప్పుకుంటాను గాని, వారం మధ్యలో ఇంటి భోజనానికి ఆ తేడా కోసం అంత డబ్బు పోయనక్కరలేదు. ఇటలీలో బరోలో అనే ఎర్ర వైన్‌కు కనీసం 38 నెలల నిల్వ తప్పనిసరి. ఆ చుట్టుపక్కలే అదే నెబ్బియోలో ద్రాక్షతో చేసే "లాంగే నెబ్బియోలో"కు అంత కట్టడి లేదు, అంత ధరా లేదు.

బుడగల వైన్‌లలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసినదే షాంపేన్. రెండోసారి సీసాలోనే పులియబెట్టే అదే పద్ధతిలో ఆ దేశంలోనే లువార్, అల్సాస్, లిమూ వంటి ప్రాంతాల్లో చేసిన దాన్ని "క్రెమాన్" అంటారు. సీసా అడుగున చేరే ఈస్టు మడ్డి మీద షాంపేన్‌ను కనీసం 12 నెలలు ఉంచాలి, క్రెమాన్‌ను కనీసం 9 నెలలు. గృహప్రవేశానికి వచ్చిన నలభై మందికి పోయడానికైతే నేను రెండో ఆలోచన లేకుండా క్రెమానే ఇస్తాను.

అపోహ: బరువైన సీసా, లేబుల్ మీద "రిజర్వ్" అన్న మాట ఉంటే మేలిరకం.

సీసాను చేత్తో ఎత్తి, బరువు చూసి తలాడించే పెద్దమనుషులు వారానికి ఒకరైనా వస్తారు. ఖాళీ సీసాలే కొన్ని 400 గ్రాముల చిల్లర తూగుతాయి, కొన్ని 900 దాటుతాయి. లోపల పట్టేది రెండింటిలోనూ 750 మిల్లీలీటర్లే. "రిజర్వ్" అన్న మాటకు అమెరికా కేంద్ర చట్టంలో నిర్వచనమే లేదు. స్పెయిన్‌లోని రియోహాలో మాత్రం ఎర్ర వైన్‌ను "రెసెర్వా" అనాలంటే మూడేళ్లు నిల్వ ఉంచాలి, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో గడవాలి. మన బదులు ఇంకొకరు మూడేళ్లు దాచి, పక్వానికి వచ్చాక అమ్ముతున్నారన్న మాట. ఆ ధరకు అంత ఓపిక మరెక్కడా దొరకదని నా అభిప్రాయం.

అపోహ: వైన్ పాతబడేకొద్దీ బాగుంటుంది.

మామూలు ధరలో దొరికే వైన్‌లలో చాలావరకు రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. ఈ పాఠానికి నేను డబ్బు కట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంపిణీదారు సగం ధరకు ఇస్తానంటే ఆశపడి, పోర్చుగల్ తెల్ల వైన్ విన్యో వెర్ద్ పాత సరుకు ఇరవై పెట్టెలు దింపించాను. మూత తీసి గ్లాసులో పోస్తే, నాలుక మీద చురుక్కుమనాల్సిన బుడగ లేదు, నిమ్మ వాసన లేదు. కోసి పొద్దుటి నుంచి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. విన్యో వెర్ద్, ఫ్రాన్స్ తెల్ల వైన్ మస్కదే వంటివి కొనేటప్పుడు సంవత్సరం చూసి అన్నింటికంటే కొత్తది తీసుకోండి.

అపోహ: తిప్పి తీసే మూత నాసిరకానికి గుర్తు.

కార్కు బిరడాలో చేరే ఒక రసాయనం వల్ల కొన్ని సీసాలు తడిసిన అట్టపెట్టె వాసన కొడతాయి. ఆ బెడద పడలేక 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ ఉత్పత్తిదారులు కొందరు కలిసి తమ రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కు తిప్పే మూతలు పెట్టారు. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

అపోహ: కారం, మసాలా, మాంసం అంటే ఘాటైన ఎర్ర వైనే ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆల్కహాల్ ఎక్కువైతే నోట్లో కారం మంట పెరుగుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు దానికి తోడవుతుంది. పైగా గోంగూర పులుపు ముందు, పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది. మా ఇంట్లో గోంగూర మాంసం వండిన రోజు జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్ తెరుస్తాం. లేబుల్ మీద "కాబినెట్" అని ఉండి, ఆల్కహాల్ 8, 9 శాతం ఉన్న సీసా అయితే సాధారణంగా కొద్దిపాటి తీపి, దానికి సరితూగే పులుపు రెండూ ఉంటాయి. తీపి కారాన్ని తగ్గిస్తుంది, పులుపు గోంగూరకు జత కలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక పది నిమిషాలు బయట ఉంచి పోయండి. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు.