క్రేన్‌తో చెట్టు తీయడం: అపోహలు - వాస్తవాలు

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఇంటి మీదకు ఒరిగిన చెట్టు కనిపిస్తే ఇప్పుడు ముందు క్రేన్ కోసమే అడుగుతున్నారు. మంచిదే. కానీ పైకెక్కి కోసే మనిషి పనిని క్రేన్ చేయదు.

అపోహ: 14 టన్నుల హైడ్రా (బరువు ఎత్తుకుని నడిచే చిన్న క్రేన్) వస్తే ఎంత మొద్దయినా లేస్తుంది.

వాస్తవం: ఆ 14 టన్నులు బూమ్ (క్రేన్ చేయి) లోపలికి ఉండి, బరువు బండికి బాగా దగ్గరగా ఉన్నప్పటి మాట. బూమ్ చాచిన కొద్దీ ఎత్తే శక్తి పడిపోతుంది. ఎంత దూరానికి ఎంత ఎత్తాలో లోడ్ చార్టులో ఉంటుంది. ఆపరేటర్‌తో కలిసి అది చూడకుండా చెట్టెక్కకండి. ఇంటి మీదుగా అవతలి పెరట్లోంచి తీయాలంటే హైడ్రా కాదు, జాకీలు వేసుకుని చుట్టూ తిరిగే పెద్ద క్రేన్ కావాలి.

ఇక ముక్క బరువు. పచ్చి కలపను ఘనమీటరుకు 1,000 కిలోలు అనుకుని లెక్క వేయండి. 60 సెంటీమీటర్ల అడ్డకొలత, 3 మీటర్ల పొడవున్న మొద్దు దాదాపు 850 కిలోలు. చింతమానుకు ఇంకొంచెం కలపాలి. బెల్టులు, హుక్కు బరువు వేరే. కోత పూర్తయ్యాక బరువెక్కువని తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు. అనుమానం ఉంటే ముక్క చిన్నది చేయాలి, క్రేన్ అద్దె గంటల్లో పెరుగుతోందని ఇంటివాళ్లు విసుక్కున్నా సరే.

అపోహ: క్రేన్ గట్టిగా లాగి పెడితే కోత తొందరగా విడుతుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. లెక్కగట్టిన బరువుకు దగ్గరగా మాత్రమే లాగి ఉంచాలి. ఎక్కువైతే కోత ముగియకముందే కలప చీలి ముక్క పైకి ఎగురుతుంది, ఆ కుదుపు బూమ్‌నీ మనిషినీ తాకుతుంది. తక్కువైతే ముక్క కిందికి కూర్చుని రంపాన్ని పట్టేస్తుంది. హుక్కు కూడా ముక్క బరువు మధ్యకు సూటిగా పైన ఉండాలి. పక్కకుంటే తెగిన వెంటనే ఊగి మీదకొస్తుంది. ఆకులున్న కొమ్మకు ఆ బరువు మధ్య మనం అనుకున్న దానికంటే చివరివైపు ఉంటుంది.

అపోహ: పైనున్నవాడు క్రేన్ హుక్కుకే కట్టుకుంటే క్షేమం.

వాస్తవం: హుక్కుకు మొద్దు ఉన్నప్పుడు మనిషి దానికి ఉండకూడదు. తాడు, నడుం పట్టీ రెండూ కోతకు కింద, మిగిలే గట్టి మానుకే ఉండాలి. కోత అయ్యాక రంపం ఆపి, ముక్క కదిలే దారిలోంచి తప్పుకుని, అప్పుడే ఎత్తమని సైగ చేయాలి. సైగ ఇచ్చేది ఒక్కరే.

అపోహ: కొబ్బరి చెట్లెక్కే చేయి తిరిగినవాడు ఏ చెట్టైనా ఎక్కగలడు.

వాస్తవం: మా శ్రీకాకుళం కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానంలో అలాంటి నేర్పరులకు లోటు లేదు. కానీ వేళ్లు లేచిన, మొదలు పుచ్చిన చెట్టు వాళ్ల బరువునే ఆపలేకపోవచ్చు. అలాంటి చోట మనుషుల కోసం తయారుచేసిన బుట్టలో నిలబడి కోయాలి, బుట్టకు క్రేన్ వేరే ఉండాలి.

అపోహ: తీగలకు తగలకుండా జాగ్రత్తపడితే చాలు.

వాస్తవం: హైటెన్షన్ తీగ దగ్గరకు బూమ్ వచ్చినా చాలు, కరెంటు దూకగలదు, తగలక్కర్లేదు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని, ఎర్తింగ్ చేశానని చెప్పేదాకా బూమ్ లేపకండి.