ఒంటరిగా ప్రాగ్‌కు, ఐదు రోజులకు: అపోహలు - వాస్తవాలు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ ఒంటరి ప్రయాణానికి చాలా అనువైన ఊరు. చూడాల్సినవి చాలావరకు నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉంటాయి. ట్రాములు అర్ధరాత్రి దాటాక కూడా తిరుగుతాయి. అయినా ఐదు రోజుల్లో ఒక రోజునూ, కొన్ని వేల రూపాయలనూ ఊరికే పోగొట్టుకునేవాళ్లు చాలామందే ఉంటారు. వీసాలో రోజుల లెక్క, టికెట్ మీద ముద్ర, ఏటీఎం తెర మీద ఒక ప్రశ్న... దెబ్బతినేది ఇలాంటి చోట్లే. నలుగురితో వెళ్తే ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఒక్కరే వెళ్తున్నప్పుడు ఇవన్నీ బయల్దేరకముందే తెలిసి ఉండాలి.

అపోహ: ఒంటరిగా వెళ్లేవాళ్లకు, అందులోనూ పెళ్లికానివాళ్లకు షెంజెన్ వీసా (చెక్ రిపబ్లిక్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) రాదు.

వాస్తవం: అలాంటి నియమం ఏదీ లేదు. ఎందుకు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగి వస్తారని నమ్మకమేంటి అన్న మూడు ప్రశ్నలకు మీ కాగితాలు ఒకే జవాబు చెప్పాలి. హోటల్ బుకింగ్‌లో నాలుగు రాత్రులుండి, ఆఫీసు సెలవు పత్రంలో మూడు రోజులే ఉంటే అనుమానం అక్కడే మొదలవుతుంది. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడినా అంతే. ఆ డబ్బు ఎక్కడిదో చూపే కాగితం జతచేయండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై, మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, రెండు ఖాళీ పేజీలు కావాలి.

పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జి వేరు. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే రెండున్నర నెలల ముందే అపాయింట్‌మెంట్ కోసం చూడమని చెబుతాం. అయితే వీసా రాకముందే రద్దు చేసుకోలేని విమాన టికెట్ కొనకండి, రిజర్వేషన్ చూపిస్తే చాలు. నకిలీ పీఎన్ఆర్ (విమాన బుకింగ్ నంబరు) అమ్మేవాళ్ల జోలికి మాత్రం అసలే వెళ్లొద్దు.

అపోహ: వీసాలో ఐదు రోజులని ఉంటే ఐదు రాత్రులు ఉండొచ్చు.

వాస్తవం: దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. గురువారం రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి శుక్రవారం దిగి, మంగళవారం తిరుగు విమానం ఎక్కారనుకోండి. అవి నాలుగు రాత్రులే, కానీ ఐదు రోజులు. తిరుగు విమానం అర్ధరాత్రి దాటాక ఉంటే ఆరో రోజు అయిపోతుంది. వీసా స్టిక్కర్ మీద తేదీల మధ్య గడువు ఎక్కువగా కనిపించినా, పక్కన ఉండే 'డ్యూరేషన్ ఆఫ్ స్టే' అంకె దాటకూడదు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి మొదలైంది. రోజుల లెక్క ఇక పాస్‌పోర్టు మీద ముద్రలు చూసి వేసేది కాదు.

అపోహ: చెక్ వీసా ఉంటే మొదట ప్రాగ్‌లోనే దిగాలి.

వాస్తవం: ఎక్కువ రోజులు చెక్ రిపబ్లిక్‌లో గడిపితే చాలు, ఏ షెంజెన్ దేశం నుంచైనా లోపలికి రావచ్చు. హైదరాబాద్ నుంచి ప్రాగ్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి ఈ తేడా ముఖ్యం. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, ప్రాగ్‌లో రెండో టెర్మినల్‌లో దిగి నేరుగా బయటికి వస్తారు. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి టెర్మినల్‌లో దిగుతారు, ఇమ్మిగ్రేషన్ వరుస అక్కడ ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గంటన్నర లోపు కనెక్షన్ తీసుకోవద్దు. ఇమ్మిగ్రేషన్ వరుస పొడుగ్గా ఉంటే రెండో విమానం వెళ్లిపోతుంది. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు చేతిసంచిలోనే ఉంచండి. ఇమ్మిగ్రేషన్ దగ్గర అడిగినప్పుడు పెద్ద సూట్‌కేసు మీ దగ్గర ఉండదు.

అపోహ: అంత దూరం వెళ్లి ఒక్క ఊరేనా? ఐదు రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ చుట్టేయొచ్చు.

వాస్తవం: రైల్లో ప్రాగ్ నుంచి వియన్నాకు సుమారు నాలుగు గంటలు, బుడాపెస్ట్‌కు ఏడు. దానికి గది ఖాళీ చేయడం, సామాను మోయడం, కొత్త ఊళ్లో మళ్లీ దారి వెతుక్కోవడం కలపండి. ఐదు రోజుల్లో రెండు రోజులు స్టేషన్లలోనే పోతాయి. ఊరి బయటికి వెళ్లాలనే ఉంటే కుత్నా హోరా అనే చిన్న ఊరు చాలు. ప్రాగ్ ప్రధాన స్టేషన్ నుంచి రైల్లో గంట ప్రయాణం, సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. మనిషి ఎముకలతో అలంకరించిన సెడ్లెత్స్ చర్చి కుత్నా హోరా పెద్ద స్టేషన్‌కు దగ్గరే. పాత ఊరు మాత్రం అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ముందు చర్చి చూసుకుని తర్వాత ఊళ్లోకి వెళ్తే తిరిగిన దారిలోనే మళ్లీ తిరిగే పని ఉండదు.

అపోహ: టికెట్ కొన్నాం కదా, ఇక భయమేముంది?

వాస్తవం: ప్రాగ్‌లో పర్యాటకులు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. మెట్రోలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. కాగితం టికెట్ కొన్నాక దాన్ని పసుపు రంగు మిషన్‌లో పెట్టి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ఆ మిషన్ మెట్రోలో ఎస్కలేటర్ దగ్గరికి వెళ్లే దారిలో ఉంటుంది, ట్రాములో, బస్సులో లోపలే ఉంటుంది. ముద్ర లేని టికెట్ టికెట్ లేనట్టే లెక్క. మామూలు దుస్తుల్లో ఉండే తనిఖీ సిబ్బంది బ్యాడ్జి చూపించి అడుగుతారు. జరిమానా టికెట్ ధరకు ఎన్నో రెట్లు, "తెలియదు" అంటే వదలరు.

ముద్ర మొదటి ప్రయాణంలో ఒక్కసారే. అనుమానంతో రెండో వాహనంలో మళ్లీ వేయిస్తే టికెట్ చెల్లకుండా పోతుంది. ట్రాములోని నారింజ రంగు మిషన్ దగ్గర కార్డు తాకించి కొన్న టికెట్ మీద ముద్ర ముందే పడి ఉంటుంది, దాన్ని మిషన్‌లో పెట్టనక్కర్లేదు. ఫోన్ యాప్‌లో కొంటే ఎక్కకముందే యాక్టివేట్ చేయాలి. అది అమల్లోకి రావడానికి కాసేపు పడుతుంది, తనిఖీ మనిషిని చూశాక నొక్కితే పనికిరాదు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఇదే టికెట్ చాలు. 59 నంబర్ ట్రాలీబస్ ఎక్కి నాద్రాజీ వెలెస్లావీన్‌లో దిగితే ఆకుపచ్చ ఎ లైను మెట్రో దొరుకుతుంది. 90 నిమిషాల టికెట్ తీసుకోండి, 30 నిమిషాలది మధ్యలోనే అయిపోవచ్చు. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది. ఆ తర్వాత 91 నుంచి 99 దాకా నంబర్లున్న రాత్రి ట్రాములు నడుస్తాయి, అవన్నీ లజార్‌స్కా స్టాపు దగ్గర కలుస్తాయి. అక్కడికి చేరితే ఏ దిక్కుకైనా ట్రాము దొరుకుతుంది.

అపోహ: యూరప్ అంటే యూరోలే, హైదరాబాద్‌లోనే మార్చుకుని వెళ్తే సరిపోతుంది.

వాస్తవం: చెక్ కరెన్సీ కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి, కానీ వాళ్లకు లాభమైన రేటుకే. ఒక యూరోకు దాదాపు 24-25 కొరునాలు వస్తాయని మనసులో పెట్టుకుంటే మోసం వెంటనే తెలిసిపోతుంది. 'జీరో కమిషన్' అని బోర్డు పెట్టి రేటు చాలా తక్కువ ఇచ్చే మారకం దుకాణాలు ప్రాగ్ పాత ఊళ్లో ఉన్నాయి. బోర్డు మీద వాళ్లు యూరోలు అమ్మే రేటు కనిపిస్తుంది, మీకు కావాల్సింది వాళ్లు యూరోలు కొనే రేటు. డబ్బు ఇచ్చే ముందే "100 యూరోలకు చేతికి ఎన్ని కొరునాలు?" అని అడగండి. మోసపోయినట్టు అనిపిస్తే రసీదుతో మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లి, 1,000 యూరోల వరకు మారకాన్ని రద్దు చేసుకునే హక్కు చెక్ చట్టంలో 2019 నుంచి ఉంది. రసీదు పారేయొద్దు. వీధిలో "మంచి రేటు ఇస్తా" అని పలకరించేవాళ్లు చెల్లని నోట్లో, వేరే దేశపు నోట్లో చేతిలో పెట్టి మాయమవుతారు.

అన్నిటికంటే మేలు ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో ఖర్చు చేస్తే బ్యాంకు వేసే అదనపు చార్జి) లేని కార్డు. ఏటీఎం తెర మీద "రూపాయల్లోకి మార్చి తీసుకోమంటారా?" అన్న అర్థంలో ఒక ప్రశ్న వస్తుంది. ఒప్పుకునే మీట పెద్దగా ఆకుపచ్చగా, వద్దనే మీట చిన్నగా ఒక మూలన ఉండటం మామూలే. వద్దనే నొక్కండి, లావాదేవీ రద్దు కాదు, డబ్బు వస్తుంది. ఒప్పుకుంటే మారకం రేటు ఆ ఏటీఎం వాళ్లు పెట్టిందే, మీ బ్యాంకుది కాదు. దుకాణంలో కార్డు మిషన్ మీద కూడా ఎప్పుడూ కొరునాలే ఎంచుకోండి.

నగదు తక్కువే చాలు, కానీ కొంత ఉండాలి. ప్రాగ్‌లో ఒక్కొక్కరికి రాత్రికి 50 కొరునాల బస పన్ను ఉంది, కొన్ని చోట్ల దాన్ని చేరినప్పుడు నగదుగా అడుగుతారు.

అపోహ: ప్రాగ్ కోటకు కింద నుంచి ఎక్కితేనే అసలు అందం.

వాస్తవం: రాళ్లు పరిచిన వీధుల్లో ఎక్కుడు దారి మోకాళ్లను అలిసిపోయేలా చేస్తుంది, పైకి చేరేసరికి చూసే ఓపిక పోతుంది. 22 నంబర్ ట్రాములో పొహోర్జెలెత్స్ దాకా వెళ్లి అక్కడి నుంచి దిగుతూ రండి. ముందు స్త్రాహోవ్ మఠం, తర్వాత లొరెటా చర్చి, ఆపైన కోట, చివర పాత మెట్ల మీదుగా మలోస్త్రన్‌స్కా మెట్రో. దారి చాలావరకు పల్లమే, ఊరి ఎర్ర పెంకుల కప్పులు ఎదురుగానే కనిపిస్తుంటాయి. కోట ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు, భద్రతా తనిఖీ ఉంటుంది. లోపలి భవనాలకే టికెట్. ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి కోటలోని పెద్ద చర్చి సెయింట్ వీటస్ కెథెడ్రల్‌లోకి సందర్శకులను మధ్యాహ్నం నుంచే వదులుతారు. 1344లో మొదలై 1929లో పూర్తయిన ఆ కట్టడాన్ని హడావుడిగా చూస్తే ఏమీ మిగలదు, కనీసం గంట పెట్టుకోండి.

చార్లెస్ బ్రిడ్జికి 1357లో పునాది పడింది, పొడవు 516 మీటర్లు. పగలు పది దాటితే అక్కడ నిలబడటానికే చోటుండదు. ఉదయం ఏడున్నర లోపు వెళ్తే 30 విగ్రహాలనూ ఒక్కొక్కటిగా చూడొచ్చు. ఒంటరి ప్రయాణంలో ఎవరినీ నిద్ర లేపే పని లేదు, ఈ వెసులుబాటు వాడుకోండి. 1410 నాటి ఖగోళ గడియారం దగ్గర గంటకోసారి బొమ్మలు కదిలేది ఒక నిమిషం లోపే. ఆ నిమిషంలో అందరి కళ్లూ పైన, జేబుదొంగల కళ్లు మీ సంచి మీద. సంచి ముందుకు వేసుకోండి. 22 నంబర్ ట్రాములోనూ అంతే.

అపోహ: వారంలో ఏ రోజైనా ఒకటే.

వాస్తవం: పాత యూదుల పేట యోసెఫోవ్‌లోని యూదు మ్యూజియం శనివారాలు, యూదుల పండుగ రోజులు మూసి ఉంటుంది. నాజీలు చంపిన దాదాపు 80 వేల మంది చెక్ యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసిన పింకస్ సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) కూడా అందులో భాగమే. నేషనల్ గ్యాలరీకి సోమవారం సెలవు. శుక్రవారం దిగేవాళ్లు యోసెఫోవ్‌ను ఆదివారానికి, కోటను శనివారానికి పెట్టుకుంటే ఏదీ తప్పిపోదు.

అపోహ: శాకాహారులకు అక్కడ తిండి దొరకదు, అన్నీ ఇంటి నుంచే మోసుకెళ్లాలి.

వాస్తవం: రెండు మాటల్లోనూ తప్పుంది. ప్రాగ్‌లో శాకాహార, భారతీయ హోటళ్లు చాలానే ఉన్నాయి. మామూలు చెక్ హోటళ్లలో చీజ్‌ను రొట్టె పొడిలో ముంచి వేయించే 'స్మజెనీ సీర్' దొరుకుతుంది, పక్కన ఇచ్చే తతార్కా సాస్‌లో మాత్రం గుడ్డు ఉంటుంది. కూరగాయల సూపు కూడా మాంసం కాచిన నీళ్లతో చేసి ఉండొచ్చు. బంగాళాదుంప అట్టును కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. ఈ రెండూ అడిగే తినండి. పనిరోజుల్లో పదకొండు నుంచి రెండింటి దాకా ఉండే 'డెన్నీ మెను' మధ్యాహ్న భోజనం తక్కువ ధరలో కడుపు నింపుతుంది. సూపర్‌మార్కెట్లలో తెల్ల పెరుగు దొరుకుతుంది, వంటగది ఉన్న గది తీసుకుంటే పెరుగన్నానికి లోటుండదు.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చన్న దానికి యూరోపియన్ యూనియన్ నియమాలున్నాయి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా వద్దు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వాటిని రానివ్వరు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు పర్వాలేదు. పచ్చడి నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి, చెకిన్ సామానులోనే వేయండి.

చిన్నవి కొన్ని: మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు. మే 8, సెప్టెంబర్ 28, అక్టోబర్ 28 వంటి సెలవుల్లో పెద్ద సూపర్‌మార్కెట్లు చట్టప్రకారం మూసేస్తారు, చిన్న కొట్లు తెరిచే ఉంటాయి. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దు గూకుతుంది, బయట తిరిగే పనులన్నీ ఉదయానికే పెట్టుకోండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. వీధిలో "పోలీసులం, పర్సు చూపించు" అని ఎవరైనా అంటే పర్సు తీయకండి, అక్కడే 158కి ఫోన్ చేస్తానని చెప్పండి. అసలు పోలీసులు పాస్‌పోర్టు అడగొచ్చు గానీ మీ డబ్బు లెక్కపెట్టరు.