హాస్టల్ టీ, కరక్కాయ నలుపు

మా వీధి చివరింటి అమ్మాయికి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. సామాను సర్దుతూ వాళ్లమ్మ నన్ను అడిగింది: "అన్నయ్యగారూ, మీరు కెమిస్ట్రీ చెప్పినవారు కదా, హాస్టల్లో ఏం తినాలో దీనికి ఓ కాగితం మీద రాసివ్వండి."

ఆకుకూరలు తిను, టిఫిన్ మానకు, నీళ్లు తాగు. ఇవన్నీ ఆ పిల్ల మూడో తరగతి నుంచీ వింటూనే ఉంది. పైగా హాస్టల్లో ఏం వండాలన్నది మెస్ వాళ్ల ఇష్టం. పిల్లల చేతిలో ఉండేది టీ ఎప్పుడు తాగాలన్నదొక్కటే. అందుకని ఒక్క ముక్క రాసిచ్చాను: "తిండితో టీ వద్దు, నిమ్మచెక్క వదలొద్దు." ఆవిడ కాగితం తిప్పి చూసింది, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని.

వెనకాల నిజంగానే చాలా ఉంది, రక్తానికి కావలసిన ఇనుము తిండి నుంచి ఒంటబట్టడం గురించి. అదంతా అర్థం కావాలంటే ముందు శ్రీకాళహస్తి వెళ్లాలి.

అక్కడ కలంకారీ వేసేవాళ్లు ముందుగా నూలుగుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. ఇంకో పక్క కుండలో తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులుపుకు ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది. అందులో వెదురు కలం ముంచి గుడ్డ మీద గీత గీస్తే, గీసిన చోటల్లా నల్లబడుతుంది. కుండలోని నీళ్లలో ఆ నలుపు లేదు, గుడ్డలోనూ లేదు. రెండూ కలిశాకే పుట్టింది. కరక్కాయలోని టానిన్లు ఇనుమును పట్టుకుని, నీళ్లలో కరగని పదార్థంగా మారి నూలుపోగుల్లో కూర్చుండిపోతాయి. అందుకే ఉతికినా పోదు.

టానిన్ అంటే మన భాషలో వగరు. కరక్కాయలో ఉంది, వక్కలో ఉంది, పచ్చి అరటికాయలో ఉంది. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగిన రోజున అమ్మ వేళ్లు నల్లగా ఉండేవి గుర్తుందా? టీ ఆకులోనూ అదే జాతి వగరు. పప్పు, తోటకూర, రాగిసంకటి తిని వెంటనే టీ తాగితే పొట్టలో జరిగేది కలంకారీయే. గుడ్డ ఒక్కటే లేదు. తోటకూర ఇనుమునిచ్చింది, టీ వగరునిచ్చింది. రెండూ కలిసి కరగని ముద్దయ్యాయి. కరగనిది పేగుగోడ దాటదు.

ఇక్కడ కాస్త లోతుకు దిగక తప్పదు. శాకాహారంలోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, అంటే మూడు ధనావేశాలతో. జీర్ణాశయంలో ఆమ్లం ఉన్నంతసేపూ కరిగే ఉంటుంది. అక్కడి నుంచి ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి జానెడున్నర భాగంలోకి రాగానే ఆమ్లత్వం తగ్గిపోతుంది. ఫెర్రిక్ ఇనుము తుప్పులాగా పేరుకోవడం మొదలుపెడుతుంది. పేగుగోడ మీద డీఎంటీ1 అనే రవాణా ప్రోటీన్ ఉంది కానీ, అది ఫెర్రస్ ఇనుమునే, రెండు ధనావేశాలదాన్నే, లోపలికి రానిస్తుంది. పక్కనే ఉండే డీసైట్‌బి అనే ఎంజైము ఫెర్రిక్‌కు ఒక ఎలక్ట్రానిచ్చి ఫెర్రస్‌గా మారుస్తుంది. ఈ పనంతా ఆ జానెడున్నరలో, ఆహారం ముందుకు జారిపోయేలోగా జరగాలి. సరిగ్గా అప్పుడే టానిన్ వచ్చి, పక్కపక్కనే ఉన్న తన హైడ్రాక్సిల్ గుంపులతో (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలతో), ఎండ్రకాయ గిట్టలతో పట్టినట్టు ఫెర్రిక్ ఇనుమును పట్టేస్తుంది.

విటమిన్ సి ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఎలక్ట్రాన్ తానే ఇచ్చి ఫెర్రిక్‌ను ఫెర్రస్ చేస్తుంది. తర్వాత ఆ ఇనుమును కరిగే రూపంలోనే పట్టి ఉంచుతుంది. టానిన్ కూడా పట్టుకునేదే, విటమిన్ సి కూడా పట్టుకునేదే. ఒకటి ముంచుతుంది, ఇంకొకటి తేలుస్తుంది.

మాంసం, చేపల్లోని ఇనుములో కొంత భాగానికి ఈ బెడద లేదు. అది హీమ్ అనే వలయం మధ్యలో బిగించి ఉంటుంది, ఆ వలయంతో సహా పేగుగోడ దాటుతుంది. టానిన్ గిట్టలు అక్కడికి అందవు. ఆదివారం చికెన్ తినేవాళ్లు మిగతా ఆరు రోజుల సంగతి మాత్రం చూసుకోవాలి.

టీ, కాఫీలు ఎంత అడ్డుపడతాయో 1983లో అమెరికా పరిశోధకులు హాంబర్గర్ భోజనంతో కొలిచారు. భోజనంతోపాటు కాఫీ తాగితే హీమ్ కాని ఇనుము ఒంటబట్టడం 39 శాతం తగ్గింది. టీ తాగితే 64 శాతం. కాఫీని భోజనానికి గంట ముందు తాగితే ఏ తేడా లేదు. గంట తర్వాత తాగితే మాత్రం భోజనంతో తాగినంత నష్టమూ జరిగింది! గంటకి అన్నం ఇంకా పొట్టలోనే ఉంటుంది మరి. అందుకే సాయంత్రం అయిదింటి టీకి నేను అడ్డు చెప్పను. పొద్దున ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టే గ్లాసుతోనే నా పేచీ. "పాలు కలుపుతాం కదా మాస్టారూ" అంటారు. పాలవల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అయితే టెన్షన్ పడాల్సిన పనీ లేదు. ఒక్క పూట పరీక్షలో కనిపించినంత తేడా నెలల లెక్కలో కనిపించదు. ఒంట్లో ఇనుము తగ్గితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తగ్గించి, పేగు తలుపులు ఇంకాస్త తెరిపిస్తుంది. నిల్వలు బాగున్నవాళ్లకు ఈ టీ గొడవ అంతగా పట్టదు. కానీ మన ఆడపిల్లల్లో ఎంతమందికి నిల్వలు బాగున్నాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నెలసరిలో పోయే రక్తంతోపాటు ఇనుమూ పోతుంది కాబట్టి, 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి రోజుకు స్త్రీకి 29, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని లెక్కగట్టాయి.

ఇంకో మాట. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్న నమ్మకం చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. ఆ ఎరుపుకు ఇనుముతో సంబంధమే లేదు, అది బీటాలైన్ అనే రంగు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. నువ్వుల్లో దానికి పదింతలకు పైనే ఉంటుంది. నువ్వులు ఎర్రగా లేవు, అదే వాటి ఖర్మ.

నిమ్మరసం పప్పు మీద తినేముందు పిండుకోవాలి, ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఏడాది ఊరిన నిమ్మకాయ పచ్చడి రుచికే తప్ప ఈ పనికి రాదు. అన్నిటికన్నా చవకైన దారి కాలేజీ గేటు ముందు బండి మీద ఉప్పూకారం అద్ది ఇచ్చే జామకాయ. వంద గ్రాముల్లో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి! భోజనం చేసి అది కొరుక్కుంటూ క్లాసుకు వెళ్తే సరిపోతుంది. కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం ఉంటే మాత్రం జామకాయతో సరిపెట్టకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి.

ముప్ఫై ఏళ్లు ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష చేయించాను. ఫినాల్, అంటే హైడ్రాక్సిల్ గుంపు తగిలించుకున్న కర్బన వలయం, ఉంటే ఊదారంగు వస్తుందని పిల్లలు రికార్డులో రాసేవారు, నేను సంతకం పెట్టేవాణ్ణి. టానిన్ కూడా ఫినాలే. రికార్డు మూసి నేరుగా క్యాంటీన్‌కి టీకి పోయేవాళ్లం, వాళ్లూ నేనూ.

మొన్న ఆ అమ్మాయి బయల్దేరేముందు, పాలు వేయని టీ గాజుగ్లాసులో పోసి తుప్పుమేకు వేసి చూపించాను. మర్నాటికి టీ సిరాలా అయింది. నిమ్మకాయ పిండితే నలుపు కాస్త విరిగింది. "అంకుల్, ఇదంతా కడుపులో జరుగుతుందా?" అంది. గ్లాసు అడుగున మరక మిగిలిపోయింది. సబ్బుతో ఎంత తోమినా కదల్లేదు. చివరికి ఆ పిండేసిన నిమ్మచెక్కతోనే రుద్దింది.