ముప్పావు కిలోలో ఎగరాలి

బ్యాటరీతో ఎగిరే రిమోట్ విమానం కట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది మోటారు గురించి. మొదట కొనాల్సింది మాత్రం వంటింట్లో వాడే డిజిటల్ కాటా. ఒక్క గ్రాము తేడా చూపించే కాటా పక్కన పెట్టుకుని, అతికించే ముందు ప్రతి ముక్కనూ తూచి రాసుకుంటూ పోవాలి.

నేర్చుకోవడానికి మూడు నియంత్రణల విమానం చాలు: మోటారు వేగం, రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక). రెక్క బాడీకి పైన ఉండాలి. కొస నుంచి కొసకు 120 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ. అంటే 24 చదరపు డెసీమీటర్లు. బరువు లెక్క ఇలా వస్తుంది: 5 మి.మీ. ఫోమ్ బోర్డు, జిగురు, టేపు కలిపి 300 గ్రాములు, మోటారు, మౌంటు, ప్రొపెల్లర్ 75, మోటారు వేగాన్ని నడిపే ఇఎస్‌సి 25, బ్యాటరీ 180, ఆ పలకలను కదిపే చిన్న మోటార్లు, అంటే సర్వోలు రెండు 20, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ 15, రెక్కలోని బద్ద, సర్వోల నుంచి తోకకు పోయే కడ్డీలు (పుష్‌రాడ్లు), రబ్బరు బ్యాండ్లు 60. మొత్తం 675. జిగురు చెయ్యి జారినా 750 దాటనివ్వకండి.

ఎందుకింత పట్టుదల? 750 గ్రాముల దగ్గర ఈ రెక్క గాలిలో నిలబడాలంటే కనీసం సెకనుకు 7 మీటర్ల వేగం, అంటే గంటకు సుమారు 25 కిలోమీటర్లు కావాలి. అదే విమానం కిలో తూగితే కనీస వేగం 29 కిలోమీటర్లకు పోతుంది. నాలుగు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కనీస వేగంలో నేలను గుద్దుకున్నప్పుడు వెలువడే శక్తి బరువు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు మూడో వంతు పెరిగితే తాకిడి ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. తేలిక విమానం ముక్కు నలిగి, టేపుతో పది నిమిషాల్లో మళ్లీ సిద్ధమవుతుంది. బరువైనది రెండు ముక్కలవుతుంది.

ఎయిలరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, లేకుండా పక్కకు ఎలా వాలుతుందన్నది అందమైన విషయం. రెక్కను మధ్యలో విరిచి, రెండు కొసలనూ 7 సెం.మీ. చొప్పున పైకి లేపి అతికిస్తాం. రడ్డర్ ఎడమకు తిప్పితే ముక్కు ఎడమకు తిరుగుతుంది, కుడి రెక్క గాలికి ఎదురుగా ముందుకు వస్తుంది. పైకి లేచిన ఆ రెక్కకు గాలి మరికాస్త కిందినుంచి తగులుతుంది. దాంతో ఎత్తే బలం పెరిగి విమానం ఎడమకు వాలుతుంది. గాలికి ఒక పక్కకు ఒరిగి జారినా ఇదే పని చేసి, తనంతట తాను సరిపడటానికి చూస్తుంది. కొత్త చేతికి ఇంతకంటే మంచి తోడు లేదు.

జిగురు దగ్గర చాలామంది దెబ్బతింటారు. మామూలు సూపర్ గ్లూ థర్మోకోల్ జాతి ఫోమ్‌ను తినేస్తుంది. ఫోమ్‌కని విడిగా అమ్మేది కావాలి. హాట్ గ్లూ పనికొస్తుంది, కానీ గన్ మరీ వేడెక్కితే ఫోమ్ కరుగుతుంది. పైగా మే నెల ఎండలో మూసిన కారులో పెడితే ఆ అతుకులే మెత్తబడి ఊడతాయి. మోటారు మౌంటుకు, రెక్క మధ్య అతుక్కి ఎపాక్సీ వాడటం మేలు. రెక్క లోపల ఆ కొస నుంచి ఈ కొసకు 6 మి.మీ. కార్బన్ గొట్టమో, గట్టి వెదురు బద్దో ఉండాలి. మధ్యలో విరుపు దగ్గర ప్లైవుడ్ ముక్కతో దాన్ని కలపాలి. డైవ్ నుంచి గట్టిగా పైకి లాగితే రెక్క మీద బరువు నాలుగింతలవుతుంది. 750 గ్రాముల విమానానికి అది 3 కిలోలు.

తోక అడ్డరెక్క 40 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు ఉంటే రెక్క వైశాల్యంలో అయిదో వంతు అవుతుంది. నిలువు తోక అందులో సగం. తోక దగ్గర ప్రతి గ్రామూ ఖరీదైనదే. విమానం సమంగా తూగే చోటును బరువు కేంద్రం అంటారు. దానికి తోక 55 సెం.మీ. వెనకా, బ్యాటరీ 20 సెం.మీ. ముందూ ఉంటే, తోకలో అదనంగా చేరిన 10 గ్రాములను తూచడానికి ముక్కులో 27.5 గ్రాములు పెట్టాలి. అందుకే సర్వోలు రెక్క కింద పెట్టి, సైకిల్ పుల్లల వంటి సన్నని కడ్డీలతో తోకను నడపాలి. కడ్డీ మధ్యలో వంగితే ఎలివేటర్ మాట వినదు. దాన్ని రెండుమూడు చోట్ల చిన్న ప్లాస్టిక్ గొట్టాల గుండా పోనివ్వండి.

బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి 5 నుంచి 6 సెం.మీ. వెనక ఉండాలి. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక, రెక్క కింద ఆ గీత మీద రెండు చూపుడు వేళ్లు ఆనించి ఎత్తాలి. విమానం సమంగానో, ముక్కు కాస్త కిందికో నిలవాలి. తోక కిందికి వాలితే ఎగరేయకండి. బరువు కేంద్రం వెనక్కి పోయినకొద్దీ, గాలి ముక్కును ఎత్తినప్పుడు దాన్ని తిరిగి దించే శక్తి తోకకు తగ్గిపోతుంది. మరీ వెనక్కి పోతే ముక్కు లేచింది లేచినట్టే ఇంకా లేస్తుంది. ఏ చెయ్యీ దాన్ని అందుకోలేదు. సీసం ముక్కలు అతికించే ముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడండి.

ఇక మోటారు. 2212 అని అమ్మే బ్రష్‌లెస్ మోటారు ఈ బరువుకు సరిపోతుంది. 22 లోపల కదలకుండా ఉండే భాగం (స్టేటర్) వ్యాసం, 12 దాని ఎత్తు, మిల్లీమీటర్లలో. దాని మీద రాసే 1000 కేవీ అంటే కిలోవోల్టులు కావు. ప్రొపెల్లర్ లేకుండా తిరిగితే ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు. మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 10×4.5 అంగుళాల ప్రొపెల్లర్ (10 వ్యాసం, 4.5 పిచ్, అంటే ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం), 30 ఆంపియర్ల ఇఎస్‌సి దీనికి జత. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే మోటారు పూర్తి వేగంలో, సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. ప్రొపెల్లర్ నిమిషానికి 8000 చుట్లు తిరిగితే, 4.5 అంగుళాల పిచ్ లెక్కన గాలిని సెకనుకు 15 మీటర్ల వేగంతో నెడుతుంది. అది విమానం కనీస వేగానికి రెట్టింపు, చాలు. బలం చాలలేదని 11 అంగుళాలది బిగించకండి. అదే చుట్లకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు శక్తి కావాలి, మోటారు కాలుతుంది. బలం లేనట్టు అనిపిస్తే ముందు ప్రొపెల్లర్ తిరగేసి బిగించారేమో చూడండి: దాని మీది అంకెలు విమానం పోయే దిక్కుకు ఉండాలి. మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చితే సరిపోతుంది.

థ్రాటిల్ పెంచగానే ముక్కు పైకి లేవకుండా, ఎడమకు లాగకుండా మోటారును రెండు మూడు డిగ్రీలు కిందికీ, రెండు డిగ్రీలు కుడికీ వంచాలి. పై స్క్రూల వెనక 1 మి.మీ. వాషర్లు వేస్తే కిందికి వంగుతుంది.

బల్ల మీద పరీక్షలన్నీ ప్రొపెల్లర్ తీసేసే చేయాలి. ముందు చేతిలోని రిమోట్, అంటే ట్రాన్స్‌మిటర్ వేసి ఆ తర్వాత బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు బ్యాటరీ ముందు. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ఆపి చూసి రూఢి చేసుకోండి. సిగ్నల్ తెగిన విమానం పూర్తి వేగంతో మనుషుల మీదికి పోకూడదు.

ఎగరేయడానికి వరి కోసిన పొలాలు మంచివి, తెల్లవారి గాలి లేవకముందు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ చుట్టుపక్కల మాంజా ఉంటుంది కాబట్టి ఆగితేనే మంచిది. ఈ విమానాలకూ వర్తించే డ్రోన్ నియమాలు–2021 ఉన్నాయి. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు.

మొదట మోటారు ఆపి, గడ్డి మీద విసిరి జారుడు చూడాలి. తర్వాత మూడింట రెండు వంతుల థ్రాటిల్‌తో, గాలికి ఎదురుగా, ముక్కు ఎత్తకుండా సమంగా గట్టిగా విసరాలి. పైకి విసిరితే వేగం చాలక కూలుతుంది. తగినంత ఎత్తు వచ్చేదాకా మలుపు తిప్పకండి: 45 డిగ్రీలు వాల్చిన మలుపులో కనీస వేగం 19 శాతం పెరుగుతుంది. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు కిందికి వాలిన రెక్క వైపుకే స్టిక్ నెట్టండి, సరిపడుతుంది.

2200 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 80 శాతమే వాడుకోవాలి. సగటున 10 ఆంపియర్లయితే పది నిమిషాలు. టైమర్ ఎనిమిదికి పెట్టండి. చార్జింగ్ 2.2 ఆంపియర్లకు మించకుండా, సెల్స్ అన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తో, నాపరాయి మీదో టైల్స్ మీదో, మనిషి పక్కనుండగా జరగాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకండి. కూలిన విమానంలోది వెంటనే ఇంట్లోకి తేకుండా అరగంట ఆరుబయట ఉంచి చూడండి. మళ్లీ ఎగరేయడానికి వారం పట్టేట్టుంటే ఒక్కో సెల్‌ను 3.8 వోల్టులకు తెచ్చి, చల్లని చోట పెట్టండి.