పసుపెక్కితే పండినట్టేనా?

పోయిన నెల ఒక పాఠకురాలు అడిగారు: "నాకు పీసీఓఎస్, అదే అండాశయాల్లో నీటి బుడగలంటారే, ఆ సమస్య ఉందండీ. ఐవీఎఫ్ అంటే పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లంటున్నారు. పచ్చి అండాలనే బయటికి తీసి ల్యాబులో మాగబెడతారట, నిజమేనా?"

నిజమే. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లతో లోపలే పండించిన అండాలను తీసి ల్యాబులో ఫలదీకరిస్తారు. పచ్చివి తీసి ల్యాబులో మాగబెట్టే పద్ధతిని ఐవీఎం అంటారు. ఆవిడ వాడిన 'మాగబెట్టడం' అన్న మాటే అన్నిటికన్నా నచ్చింది నాకు.

టెంక ముదరకముందే కోసిన మామిడికాయ ఏ గడ్డిలో పెట్టినా వడిలిపోతుందే తప్ప పండదు. టెంక ముదిరాక కోస్తే ఇక చెట్టుతో పనిలేదు. అండానికీ అలాంటి గీత ఒకటుంది. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. కొన్ని నలభై ఏళ్లయినా అలాగే ఉంటాయి. వాటిలో కొన్ని పెరిగి, మిల్లీమీటరులో పదో వంతు దాటాయంటే టెంక కట్టినట్టే. పీసీఓఎస్ ఉన్నవాళ్ల స్కానింగులో 'నీటి బుడగలు' అంటారే, అవి రోగపు గడ్డలు కావు, అండాలున్న చిన్న సంచులు. ఆ పేరు విని హడలిపోయి తాయెత్తులు కట్టించుకునేవాళ్లున్నారు. ఐవీఎంలో అండాలు తీసేది ఆ సంచుల్లోంచే.

1935లో పింకస్, ఎంజ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని సంచిలోంచి తీసి పక్కన పెడితే, ఆగిపోయిన విభజన దానంతటదే మొదలైంది. అంటే అండం నిద్రపోవడం లేదు, చుట్టూ ఉన్న కణాలు బ్రేకు తొక్కి పట్టుకున్నాయి. ఎలాగంటే, సంచి గోడలోని కణాలు సీఎన్‌పీ అనే పెప్టైడ్ వదులుతాయి. దాంతో అండాన్ని అంటిపెట్టుకున్న క్యుములస్ కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే కబురు మోసే అణువు తయారవుతుంది. అది సన్నని దారుల్లోంచి అండంలోకి వెళ్లి పీడీఈ3ఏ అనే ఎంజైము నోరు నొక్కుతుంది. ఆ నోరు తెరుచుకుంటే ఆ ఎంజైము అండంలోని సైక్లిక్ ఏఎంపీ అనే ఇంకో అణువును తినేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ ఉన్నంతసేపే విభజన ఆగి ఉంటుంది. ఇంకోసారి చదవండి, తప్పులేదు. మా బయాలజీ మాస్టారైతే పునరుత్పత్తి పాఠం మొత్తం "ఇంట్లో చదువుకోండి" అని దాటేశారు.

మనిషి అండం ఇలా బయట పండడానికి 12 గంటలు చాలని పింకస్ రాశాడు. రాబర్ట్ ఎడ్వర్డ్స్ 12 గంటలు చూశాడు, ఏమీ కదల్లేదు. ఇంకా ఆగి చూస్తే 25 గంటలకు కదలిక కనిపించింది, దాదాపు 37 గంటలకు పని పూర్తయింది. 1965లో ఆ సంగతి ప్రకటించాడు. ఐవీఎఫ్‌కు 2010లో నోబెల్ అందుకున్న ఎడ్వర్డ్స్ ఇతనే.

మరి ఇంత తెలిసీ ఐవీఎఫ్ కన్నా ఐవీఎం ఎందుకు వెనకబడింది? కార్బైడ్ కాయను చూడండి. తొక్క పసుపెక్కుతుంది, కోస్తే లోపల పులుపు. ల్యాబులో అండం పండిందనడానికి గుర్తు దాని పక్కన బయటపడే చిన్న ధ్రువకణం. అది క్రోమోజోముల పని ఒక మెట్టు దాటిందనే చెబుతుంది. మిగతా గుజ్జు, అంటే సైటోప్లాజం, పండిందో లేదో చెప్పదు. బయటికి తీయగానే సీఎన్‌పీ అందక బ్రేకు ఊడిపోతుంది. అండం తొందరపడి తొక్క పండించుకుంటుంది, గుజ్జు పచ్చిగానే మిగులుతుంది. ఫలదీకరణ జరిగినా పిండం నాలుగు రోజుల్లో చతికిలబడేది అందుకే.

ఇప్పటి కాపా పద్ధతిలో చేసేది చాలా తెలివైన పని. అండాన్ని తీసిన వెంటనే పండించరు. డిష్‌లోనే సీఎన్‌పీ పోసి ఒక రోజు ఆపుతారు. ఆ 24 గంటలూ క్యుములస్ కణాలు అండానికి కావలసినవి అందిస్తూ ఉంటాయి. ఆ తర్వాతే అండాల సంచులను పెంచే హార్మోను ఎఫ్‌ఎస్‌హెచ్, పండమని సంకేతమిచ్చే యాంఫీరెగ్యులిన్ కలిపి మరో 30 గంటలు పండనిస్తారు.

వియత్నాంలోని హో చి మిన్ సిటీలో అండాల సంచులు ఎక్కువగా ఉన్న 546 మందితో దీన్ని ఐవీఎఫ్‌తో పోల్చి చూశారు. 2020లో వచ్చిన లెక్క ప్రకారం మొదటి పిండం పెట్టాక బిడ్డ పుట్టింది ఐవీఎంలో నూటికి 35 మందికి, ఐవీఎఫ్‌లో 43 మందికి. హార్మోన్లు ఎక్కువై పొట్టలో నీరు చేరే సమస్య మాత్రం ఐవీఎం వాళ్లలో ఒక్కరికీ రాలేదు. పీసీఓఎస్ వాళ్లకు ఆ ముప్పు ఎక్కువ కాబట్టి ఇది చిన్న లాభమేం కాదు.

అడిగినావిడకు సూటిగా చెప్పాలంటే, ఇంజెక్షన్లు పూర్తిగా పోవు, ఈ పద్ధతిలో రెండు మూడు రోజులు ఇస్తారు. అండాలు తీయడానికి సూది గుచ్చక తప్పదు. ఆ చిన్న సంచుల్లోంచి తీయడం పెద్దవాటికన్నా కష్టం, కాబట్టి చెయ్యి తిరిగిన డాక్టరు దగ్గరికే వెళ్లండి.